ఊరి హాల్లో ఐరిష్ కేలీ పెట్టాలంటే: బ్యాండ్‌ను మాట్లాడుకోవడం దగ్గర్నుంచి కుర్చీలు సర్దేదాకా

మా ఊరి కమ్యూనిటీ హాల్ కమిటీలో చేరిన ఏడాదే నాకో పని అంటగట్టారు. హాల్ పైకప్పు బాగుచేయించాలి, డబ్బుల్లేవు, ఒక ట్రడిషనల్ మ్యూజిక్ రాత్రి పెట్టించు అన్నారు. ఐర్లండ్‌కి వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఉగాదికీ దసరాకీ ఎన్ని సభలు చూశాం, ఇదెంతలే అనుకున్నాను. 120 కుర్చీలు వరసల్లో వేయించి, స్టేజీకి బ్యానర్ కట్టించి, మొదట్లో మూడు ప్రసంగాలు పెట్టించాను. బ్యాండ్ వాళ్ళు ఇరగదీశారు. జనం మాత్రం కూర్చున్న చోటే కాళ్ళు ఆడించి, మర్యాదగా చప్పట్లు కొట్టి, పదిన్నరకల్లా ఇళ్ళకు పోయారు. వెనకాల టీ బల్ల పక్కన మిగిలిన పిసరంత జాగాలో నాలుగు జంటలు, అందరూ డెబ్బై దాటినవాళ్ళే, మోచేతులు గోడకు తగులుతున్నా ఆగకుండా తిరుగుతూనే ఉన్నారు. సామాను సర్దుకుంటూ బ్యాండ్‌లోని పెద్దాయన, ఇంత మంచి చెక్క నేల పెట్టుకుని దాన్ని కుర్చీలతో కప్పేశారేంటి అని నవ్వుతూనే అడిగారు.

ఆ తర్వాత ఇంకో ఐదుసార్లు పెట్టాం. ఇప్పుడు మొదట నేల చూసుకుంటాను, స్టేజీ సంగతి తర్వాత. ఇక్కడ రాసేదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

1. ముందు అది ఏ రాత్రో తేల్చుకోండి

ఐరిష్ సంగీతం జనం ముందుకు మూడు రకాలుగా వస్తుంది, ఈ మూడింటినీ కలిపేస్తేనే గందరగోళం. మొదటిది సెషన్. పబ్బులో ఒక మూల టేబుల్ చుట్టూ వాయించేవాళ్ళు ఒకరికొకరు ఎదురుగా కూర్చుని తమ కోసం తాము వాయించుకుంటారు, వినేవాళ్ళు విన్నట్టు, లేకపోతే లేదు. రెండోది కచేరీ, టికెట్ కొని కూర్చుని వినేది. మూడోది కేలీ, అంటే బ్యాండ్ వాయిస్తుంటే ఊరంతా ఆడేది. ఊళ్ళో అన్ని వయసులవాళ్ళూ రావాలి, పిల్లలూ ముసలివాళ్ళూ మనలాంటి బయటి నుంచి వచ్చినవాళ్ళూ కలవాలి అంటే కేలీయే పెట్టండి. మిగతా రెండూ మంచివే, కానీ వాటిలో కొత్తవాడు కొత్తవాడిగానే ఇంటికెళ్తాడు.

కేలీ అనేది అనాదిగా వస్తున్నదేమో అనుకుంటాం గానీ, ఆ పేరుతో డాన్స్ రాత్రి మొదట జరిగింది 1897లో, అదీ లండన్‌లో. ఐరిష్ భాషను నిలబెట్టాలని పుట్టిన గేలిక్ లీగ్ సంస్థ అక్కడి శాఖవాళ్ళు బ్లూమ్స్‌బరీ హాల్లో పెట్టారు. ఇక ఊరి హాళ్ళలోకి డాన్స్ రావడం వెనక ఒక చట్టం ఉంది. 1935లో పబ్లిక్ డాన్స్ హాల్స్ యాక్ట్ తెచ్చి, లైసెన్స్ లేకుండా బహిరంగంగా డాన్సులు పెట్టకూడదన్నారు. నాలుగు రోడ్ల కూడళ్ళలో, ఇళ్ళ వంటగదుల్లో ఒక్క ఫిడేలుతో సాగిపోయే ఆటలు దాంతో దెబ్బతిని చర్చి హాళ్ళకు చేరాయి. పెద్ద హాలు, మైకుల్లేవు, వందల కాళ్ళ చప్పుడు, ఒక్క ఫిడేలు ఏం వినపడుతుంది? అందుకే ఫిడేళ్ళు, ఫ్లూట్లు, అకార్డియన్లు అన్నీ ఒకే పాటను ఒకేసారి వాయించడం, కింద పియానో, డ్రమ్ములు. అదే కేలీ బ్యాండ్ శబ్దం. అలాంటి బ్యాండ్లు అంతకు ముందూ ఉన్నాయి, ఈ హాళ్ళ వల్ల ఊపందుకున్నాయి. క్లేర్ కౌంటీలో 1909 నాటి కిల్ఫెనోరా బ్యాండ్, 1946లో పుట్టిన టుల్లా బ్యాండ్ ఇప్పటికీ ఈ పద్ధతికి పెద్ద పేర్లు.

2. బ్యాండ్‌ను వెతకడం, తేదీ కుదుర్చుకోవడం

పది మంది బ్యాండ్ మన ఊరి హాలుకి అక్కర్లేదు, బడ్జెట్ కూడా ఒప్పుకోదు. ఐదుగురు చాలు. ఫిడేలు ఒకటి, ఫ్లూటో, విజిల్ అనే చిన్న రేకు పిల్లనగ్రోవో ఒకటి, బటన్ అకార్డియన్ ఒకటి, తీగలకు గిటారో బుజూకీయో, తాళానికి మన డప్పులాంటి బౌరాన్. అకార్డియన్‌ని ఇక్కడివాళ్ళు 'బాక్స్' అంటారు, మనవాళ్ళు హార్మణీ పెట్టె అన్నట్టే. ఫిడేలు అనే మాట మన తాతలు వాడిందే, వస్తువు కూడా మన వయొలినే, కాకపోతే నేల మీద కూర్చుని పాదానికి ఆనించుకోరు, భుజానికి పెట్టుకుని తొందర తొందరగా కొడతారు. బుజూకీ గ్రీసు నుంచి 1960లలో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయింది, దాని సంగతి నాకు బాగా నచ్చుతుంది, ఎందుకో చెప్పక్కర్లేదు.

ఎవర్ని అడగాలో తెలియకపోతే మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో కోల్తస్ శాఖ ఉందేమో చూడండి. 1951లో మొదలైన సంస్థ అది, పిల్లలకు వారం వారం ఐరిష్ సంగీతం క్లాసులు నడుపుతుంది, ఆ టీచర్లకు చుట్టుపక్కల వాయించేవాళ్ళందరూ తెలుసు. ఫోన్లో బ్యాండ్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు. "మీరు డాన్సర్లకు వాయిస్తారా, వినేవాళ్ళకు వాయిస్తారా?" అని అడగండి. గొప్పగా వాయించే బ్యాండ్లు కొన్ని డాన్స్‌కి పనికిరావు, మధ్యలో వేగం పెంచేస్తారు, పాట మధ్యలో ఆపి కొత్త పోకడలు పోతారు, కింద అడుగులు వేసేవాళ్ళు గాల్లో కాళ్ళు పెట్టుకుని ఉండిపోతారు. రెండో ప్రశ్న, కాలర్‌ని మీరే తెస్తారా అని. కాలర్ అంటే మైకులో ఏ అడుగు ఎప్పుడో చెప్పే మనిషి. కొత్తవాళ్ళుండే హాల్లో బ్యాండ్ కంటే కాలర్ ముఖ్యం, ఇది బ్యాండ్ వాళ్ళ ముందు అనకండి.

తేదీల విషయంలో రెండు గుంటలున్నాయి. జులై మొదట్లో వాయించేవాళ్ళలో సగం మంది క్లేర్‌లోని మిల్టౌన్ మాల్బేలో ఉంటారు, ఐరిష్ పైప్స్ వాయించిన విల్లీ క్లాన్సీ పేరుతో 1973 నుంచి అక్కడ వారం రోజుల సంగీత పాఠశాల జరుగుతోంది. ఆగస్టులో ఆలిండియా పోటీల్లాగా ఆలైర్లండ్ ఫ్లా అనే సంగీత పోటీల పండగ ఉంటుంది, అప్పుడు మిగతా సగం కూడా దొరకరు. మార్చి 17, సెయింట్ పాట్రిక్స్ డే చుట్టుపక్కల తేదీ కావాలంటే క్రిస్మస్‌కి ముందే మాట్లాడుకోవాలి. నా మట్టుకు అక్టోబర్, నవంబర్ బెస్టు. చీకటి త్వరగా పడుతుంది, బయట వాన, హాల్లో తప్ప పోవడానికి చోటుండదు.

డబ్బు విషయం ముందే తేల్చేయండి. ఊరి పని కదా, ఫ్రీగా వస్తారేమో అని గుటకలు మింగుతూ అడక్కండి. వాళ్ళు పెట్రోల్ పోసుకుని గంటన్నర దూరం నుంచి వస్తారు.

3. నేల

కాంక్రీటు మీద పలకలు పరిచిన హాలైతే వేరే హాలు చూసుకోండి. మూడు గంటలు ఎగిరితే మర్నాడు మోకాళ్ళు చెప్తాయి. కింద బోలుగా ఉండే పాతకాలం చెక్క నేల కావాలి, కాలు పడితే కాస్త కిందికి వెళ్ళి పైకి తోస్తుంది, ఆ చప్పుడే సగం తాళం. కుర్చీలన్నీ గోడల వెంట వేయండి, మధ్యలో ఒక్కటి కూడా వద్దు. బ్యాండ్‌ని ఎత్తైన స్టేజీ ఎక్కించే బదులు ఒక చివర నేల మీదే, లేదా జానెడు ఎత్తు పలక మీద కూర్చోబెట్టండి. వాళ్ళకు డాన్సర్ల కాళ్ళు కనపడాలి, వేగం సరిచూసుకునేది వాటిని చూసే.

రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూతో వచ్చినవాడు గిరుక్కున తిరిగితే బూటు నేలకు అతుక్కుపోయి మోకాలు ఒక్కటే తిరుగుతుంది. తోలు అడుగున్న మామూలు బూట్లు చెప్పండి. మన ఆడవాళ్ళు చీర కట్టుకొస్తే పైటకు పిన్నులు గట్టిగా పెట్టుకోవాలి, జంటగా గిరగిరా తిరిగే స్వింగ్‌లో పైట ఎదుటివాడి కళ్ళద్దాలు లాక్కుపోయిన కేసు మా హాల్లో ఒకటి నమోదైంది. లంగా ఓణీ అయితే అద్భుతం, గిర్రున తిరుగుతుంటే ఊరి ముసలమ్మలంతా ఫొటోలే ఫొటోలు.

4. కాగితాలు

ఇది బోరే గానీ వదలకండి. హాలుకి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందా, అందులో డాన్స్ కవరవుతుందా అని రాతపూర్వకంగా అడగండి. సంగీతానికి ఐఎమ్ఆర్ఓ (పాటలు కట్టినవాళ్ళ తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) లైసెన్స్ హాలుకి ఉందో లేదో చూడండి. పాత ట్యూన్లకు యజమానులు లేరు, కానీ బ్యాండ్ వాయించేవాటిలో ఈ మధ్య ఎవరో కట్టినవి కూడా ఉంటాయి. వెనక తలుపు దగ్గర కుర్చీల గుట్ట పెట్టకండి. అంతే.

5. తాళాలు చెవికి పట్టించుకోండి

నిర్వాహకుడికి ఇదెందుకు అంటారేమో. కాలర్ "తర్వాత సీజ్ ఆఫ్ ఎన్నిస్" అని డాన్స్ పేరు చెప్పగానే బ్యాండ్ జిగ్ ఎత్తుకోవాలి, రీల్ ఎత్తుకుంటే పని చెడుతుంది, ఆ గొడవ మీ ముందే జరుగుతుంది, మీకు ముక్క అర్థం కాకపోతే బాగోదు. పైగా మనకిది చాలా సులువు.

జిగ్ అంటే తకిట తకిట. ఇక్కడి పిల్లలకు టీచర్లు 'రాషర్స్ అండ్ సాసేజెస్' అని పలికిస్తారు, ఆరు అక్షరాలు, మూడేసి చొప్పున రెండు. రీల్ అంటే తకధిమి తకధిమి, పరుగులో. స్లిప్ జిగ్‌లో తకిట మూడుసార్లు, మొత్తం తొమ్మిది. మన రూపకాన్ని తిశ్ర నడకలో వేసుకోండి, సరిగ్గా కూర్చుంటుంది. హార్న్‌పైప్ కూడా నాలుగే గానీ కాస్త కుంటుతూ, తాపీగా నడుస్తుంది. కెర్రీ కౌంటీ వైపు నుంచి వచ్చినవాళ్ళుంటే పోల్కాలు, స్లైడ్లు అడుగుతారు, అవి వేస్తే వాళ్ళ ముఖాలు చూడాలి.

ట్యూన్ నిర్మాణం ఇంకా తేలిక. ఎనిమిది బార్ల మొదటి భాగం రెండుసార్లు, ఎనిమిది బార్ల రెండో భాగం రెండుసార్లు, మొత్తం 32 బార్లు. పల్లవి, చరణం అనుకోండి. దాన్ని మూడుసార్లు తిప్పి, ఊపిరి కూడా తీసుకోకుండా ఇంకో ట్యూన్‌లోకి దూకుతారు, తర్వాత మూడోది. దీన్నే సెట్ అంటారు. నిమిషానికి 110 దెబ్బల వేగంలో రీల్ ఒక చుట్టు తిరగడానికి 35 సెకన్లు పడుతుంది, అంటే మూడు ట్యూన్లు మూడేసిసార్లంటే ఐదు నిమిషాల పైమాటే. కొత్తవాళ్ళకి అది చాలా ఎక్కువ, కాలర్‌తో మాట్లాడి మొదటి డాన్సులకు తగ్గించమనండి. ట్యూన్ మారే ఆ క్షణం మాత్రం వదులుకోకండి. శ్రుతి ఒక్కసారి పైకి ఎగురుతుంది, ఎవరో ఒకరు "హుప్!" అని అరుస్తారు, అప్పటిదాకా అలిసిపోయినట్టున్న హాలు మళ్ళీ లేస్తుంది.

6. సౌండ్

ఎక్కువ రాత్రులు చెడేది ఇక్కడే. మైకులవాడు రాక్ బ్యాండ్‌కి పెట్టినట్టు అన్నీ గట్టిగా పెట్టేస్తే అకార్డియన్ మిగతా అందర్నీ మింగేస్తుంది, ఎందుకంటే దానికి అసలు మైకే అక్కర్లేదు. ఫిడేలుకి చిన్న క్లిప్ మైకు, ఫ్లూటుకి మామూలు పాటల మైకు పెదవుల పక్కగా (ఎదురుగా పెడితే గాలి హోరు), గిటారుకి డైరెక్ట్ వైరు. బౌరాన్‌కి వెనక వైపు నుంచి ఒక మైకు, దాని బేస్ తగ్గించి. అన్నిటికంటే పైన కాలర్ గొంతు వినపడాలి. తల మీద పెట్టుకునే మైకైతే ఆయన దిగొచ్చి అడుగులు చూపించగలడు.

సౌండ్ చెక్ ఆరున్నరకి పెట్టండి, జనం వచ్చాక కాదు. ఖాళీ హాల్లో మోగినట్టు నిండిన హాల్లో మోగదు, ఆ తేడాకి కాస్త చోటు ముందే వదిలి ఉంచుకోవాలి.

ఇప్పుడు శ్రుతి సంగతి. అకార్డియన్‌ని అప్పటికప్పుడు శ్రుతి చేయలేం, కాబట్టి అందరూ దానికే కలుపుకుంటారు. చెక్క ఫ్లూటు చల్లగా ఉంటే శ్రుతి తగ్గి పలుకుతుంది, వేడెక్కేకొద్దీ పెరుగుతుంది, అందుకే ఫ్లూటు వాయించే అమ్మాయి ముందు పావుగంట ఉత్తినే ఊదుకుంటూ కనిపిస్తుంది, పలకరించకండి. ఇలన్ పైప్స్ ఉంటే మరీ జాగ్రత్త. ఇది నోటితో ఊదేది కాదు, చంక కింద కొలిమి తిత్తిలాంటిది పెట్టుకుని మోచేత్తో గాలి కొడతారు, 'ఇలన్' అంటేనే మోచేతిది అని. దాని రీడ్లు వెదురు జాతి గడ్డివి, హీటర్ గాలి తగిలితే ఎండి మొండికేస్తాయి. పైపర్ కుర్చీని హీటర్ పక్కన మాత్రం వేయకండి.

బౌరాన్ కథ దీనికి తిరగబడి ఉంటుంది. మేకతోలు. వంద మంది ఎగిరి చెమటలు పట్టాక హాల్లో తేమ పెరిగి తోలు వదులైపోతుంది, చప్పుడు దుప్పటి మీద కొట్టినట్టు మారుతుంది. రెండో ఏడు మా బౌరాన్ కుర్రాడికి సరిగ్గా ఇదే జరిగింది, కంగారుగా స్క్రూలు తిప్పుతున్నాడు. చిన్నప్పుడు మా ఊళ్ళో జాతరకి ముందు గడ్డిమంట వేసి డప్పులు కాచుకోవడం గుర్తొచ్చి, దాన్ని తీసుకెళ్ళి వంటగదిలో టీ బాయిలర్‌కి రెండడుగుల దూరంలో కాసేపు పట్టుకోమన్నాను. రెండు నిమిషాల్లో 'టంగ్' మంది. తోలు మరీ బిగిసిపోతే కాస్త నీళ్ళు రాయాలని వాడు నాకు తిరిగి నేర్పాడు.

7. రాత్రి నడిపించడం

పోస్టర్ మీద ఎనిమిదిన్నరకని వేయండి, తొమ్మిదికి మొదలవుతుంది. టైము విషయంలో వీళ్ళూ మనవాళ్ళే. ప్రసంగాలొద్దు. పైకప్పు కోసం డబ్బులు అని చెప్పడానికి ఒక్క నిమిషం, అదీ రాఫిల్ (లక్కీ డ్రా) అప్పుడు.

మొదట వాల్స్ ఆఫ్ లిమెరిక్, ఇద్దరికి ఇద్దరు ఎదురుగా నిలబడి ఆడేది, ఐదేళ్ళ పిల్లలక్కూడా వస్తుంది. సంగీతం లేకుండా ఒకసారి నడిపించి చూపిస్తారు, ఆ నడక మానేసి నేరుగా మొదలుపెడదామనే తొందరపాటు ఎప్పుడూ వద్దు. తర్వాత సీజ్ ఆఫ్ ఎన్నిస్. నలుగురు చేతులు పట్టుకుని ఒక వరస, ఎదురుగా ఇంకో నలుగురు. రెండు వరసలూ ముందుకొచ్చి వెనక్కి, మళ్ళీ ముందుకొచ్చి వెనక్కి. ఒకే వరసలోని రెండు జంటలు పక్క అడుగులతో చోట్లు మార్చుకుని తిరిగొస్తాయి. ఆపైన మధ్యలో ఉన్న నలుగురు కుడిచేతులు కలిపి చక్రంలా తిరుగుతారు, చేతులు మార్చి వెనక్కి తిరుగుతారు, ఆ సేపు చివర ఉన్నవాళ్ళు ఎదుటివాళ్ళతో గిరగిరా స్వింగ్. చివరికి ఒక వరస చేతులెత్తి తోరణం కడితే రెండో వరస కిందనుంచి దూరిపోయి అవతల కొత్త వరసని కలుసుకుంటుంది. కోలాటంలో జంట మారినట్టే. పది నిమిషాల్లో మీరు ఊళ్ళో సగం మంది చేతులు పట్టుకుని ఉంటారు, రోజూ పోస్టాఫీసులో చూసి తల మాత్రం ఊపే మనిషిని కూడా. నాకు ఈ ఊరివాళ్ళ పేర్లు తెలిసింది అలాగే.

పదింబావుకి టీ. శాండ్‌విచ్‌లు, ఆపిల్ టార్ట్, పక్కన మనం పెట్టే సమోసాలు, మొదట అయిపోయేవి ఏవో మీకు తెలుసు. రాఫిల్ ఇప్పుడే. ఇప్పుడే ఒక పాట కూడా పాడించండి, ఏ తోడూ లేకుండా ఒక్క గొంతుతో పాడే షాన్-నోస్ పాట వచ్చినవాళ్ళు ఊళ్ళో ఒకరైనా ఉంటారు. ఆ నాలుగు నిమిషాలు టీ బాయిలర్ ఆపేయండి, కప్పుల చప్పుడు కూడా రాకూడదు. అప్పటిదాకా అల్లరి చేసిన హాలు సూది పడితే వినిపించేలా మారిపోతుంది.

రెండో సగంలో తెలిసినవాళ్ళకు కష్టమైన సెట్ డాన్సులు రెండు, నాలుగేసి జంటలు చతురస్రంగా నిలబడేవి. వాళ్ళనీ సంతోషపెట్టాలి, లేకపోతే మళ్ళీ ఏడు రారు. ఆ టైములో కొత్తవాళ్ళు ఊపిరి తీసుకుంటారు.

8. జనానికి ముందే చెప్పాల్సినవి

రీల్ నడుస్తుండగా తాళం వేస్తున్నామనుకుని చప్పట్లు కొడితే వేగం పెరిగిపోతుంది, బ్యాండ్‌కి చిరాకు. సెట్ అయ్యాక కొట్టండి, గట్టిగా. ఎవరైనా బాగా వాయిస్తే "మా హూ!" అని అరవచ్చు, శభాష్ అన్నట్టు. సొంత వాయిద్యం పట్టుకొచ్చి అడక్కుండా కూర్చోకూడదు, ముఖ్యంగా చేతిలో బౌరాన్ ఉంటే. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు మొదలుపెట్టరు, అది ఇక్కడ పెద్ద తప్పు. మా స్నేహితుల అబ్బాయి ఒకడు తబలా వాయిస్తాడు. ముందే ఫోన్ చేసి అడిగాం, సౌండ్ చెక్‌లో ఒక స్లిప్ జిగ్‌కి కూర్చోబెట్టారు, తొమ్మిది లెక్క వాడికి మొదటి చుట్టులోనే దొరికింది. రాత్రికి ఆ ఒక్కటే వాయించాడు. రెండోది కూడా వాయించనా అని వాళ్ళమ్మ వైపు చూస్తే ఆవిడ వద్దన్నట్టు తలూపింది, సరైన నిర్ణయం.

9. చివర

పదకొండున్నరకి ఇంకా ఊపుండగానే ఆపండి. చివరి రీల్ కాగానే చాలా హాళ్ళలో బ్యాండ్ జాతీయగీతం వాయిస్తుంది, అందరూ ఉన్నచోటే నిటారుగా నిలబడతారు, ఆ సమయంలో కోటు వేసుకోవడం, కుర్చీ లాగడం చేయకండి. లైట్లు వేశాక బ్యాండ్‌కి వేడి టీ, విడిగా దాచిపెట్టిన సమోసాలు, డబ్బు కవరు, ఈ వరసలోనే. కవరు కోసం వాళ్ళు మిమ్మల్ని వెతుక్కునే పరిస్థితి రాకూడదు. తర్వాత నేల ఊడవాలి. వచ్చే ఏడు తేదీ కూడా ఆ రాత్రే బాక్స్ వాయించే పెద్దాయన డైరీలో రాయించేయండి, ఆయన ఫోన్ వాడరు.